రెండక్షరాల బిందె

మొన్న మా మనవరాలు నేను రాసుకున్న కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. నేను అడగలేదు. ఎందుకే అంత కరెంటు దండగ అన్నాను కూడా. "ఊరుకో నానమ్మా, ఇలా అయితే నీకు కావలసిన మాట ఎక్కడుందో చిటికెలో దొరుకుతుంది" అంది. ఏదీ చూపించు అన్నాను. ఏ మాట వెతకమంటావు అని అడిగితే, ఎదురుగా వంటింటి గట్టు మీద కనబడుతోంది కాబట్టి "బిందె" అన్నాను.

ఆ పిల్ల టకటకా కొట్టింది. తెర మీద అక్కడొకటి ఇక్కడొకటి పసుప్పచ్చగా వెలిగాయి. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కొక్కటే చదివాను. మొదటిది బిందెడు. తరవాతది బిందెలు. ఆ కిందది బిందెలోకి. "నేనడిగింది బిందె కదే, ఇదంతా ఎందుకు చూపిస్తోంది?" అన్నాను.

"ఆ అక్షరాలు ఎందులో దూరి ఉన్నా చూపించేస్తుంది నానమ్మా. ఉండు, పూర్తి మాట మాత్రమే కావాలని చెప్పడానికి ఇక్కడ ఒక గడి ఉంది. దాంట్లో టిక్కు పెడితే సరి" అని ఏదో నొక్కింది. వెలిగినవాటిలో చాలావరకు ఆరిపోయాయి. అచ్చంగా బిందె అని రాసిన చోట్లే మిగిలాయి.

నాకు నవ్వొచ్చింది. నేను ఊరికే నవ్వే మనిషిని కానని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ పిల్ల కంగారు పడింది. ఏం లేదులే, నీ పని చూసుకో అన్నాను. అటువంటి గడి ఒకటి మీ తాతకి ఉండి ఉంటే, ఆ ఎండాకాలం నేను వీధంతా తిరిగి తోడు మజ్జిగ అడుక్కోవలసిన పని ఉండేది కాదు అని దానికి చెప్పలేదు. చెబితే మధ్యలో లేచిపోతుంది. కాగితం లేచిపోదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పేర్లు రాయను. ఉన్నవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళకి మనవలున్నారు.

అది అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో. విజయనగరానికీ పొందూరుకీ నడుమ ఉన్న ఒక పల్లెకి నేను కోడలిగా వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. పుట్టిల్లు నౌపడ దగ్గర, ఉప్పు మడులకి అవతల. ఆ వేసవిలో మా ఆడపడుచు పెళ్ళి చేశాం.

అప్పట్లో మా పల్లెల్లో పెళ్ళికి వంట సామాను అద్దెకి తేవడమనేది లేదు. వీధిలో ఎవరింట్లో ఏదుంటే అది వచ్చేస్తుంది. గంగాళాలు, గుండిగలు, బిందెలు, చెంబులు, గరిటెలు. మన ఇంట్లో పెళ్ళయితే వాళ్ళవి వస్తాయి, వాళ్ళింట్లో అయితే మనవి వెళ్తాయి. అన్నీ ఇత్తడివే, అన్నీ ఒకటే తీరు. పెళ్ళయ్యాక ఎవరిది వాళ్ళకి చేరాలంటే ఉన్న ఆధారం ఒక్కటే, మూతి కింద కొట్టించుకున్న పేరు. బిందె కొన్నవాళ్ళు ఎవరైనా పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చేవారు కారు.

నా బిందె పేరు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు.

నా పెళ్ళి కుదిరాక అమ్మా నాన్నా నన్ను వెంటబెట్టుకుని రైల్లో విజయనగరం వచ్చి బిందె కొన్నారు. ఇత్తడి కొట్ల పక్కనే ఒకాయన గోనె పట్టా పరుచుకుని, చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని పేర్లు కొడుతున్నాడు. నాన్న ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎంత?"

"అక్సరానికింత బాబూ" అని ధర చెప్పాడాయన.

"గుడికో?"

"గుడికి ఊరికే."

"కొమ్ముకి?"

"కొమ్ముకీ ఊరికే. దీర్గానికీ ఊరికే. ఒత్తుంటే మాత్రం దానికి సగం."

నాన్న వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. నా పేరులో ఒత్తు ఉంది. ఇటువంటి పేరు ఎందుకు పెట్టామా అని ఆ చూపు. కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని "మొదటి రెండక్సరాలూ కొట్టు. సాలు. పిలిస్తే పలుకుతాది" అన్నాడు. ఆ రెండక్షరాల్లో ఒత్తు లేదు మరి.

బిందె చంకన పెట్టుకుని నిలబడ్డ అమ్మకి అంతలో అనుమానం వచ్చింది. "రెండే అయితే, రేపు ఎవులైనా ముందో ఎనకో నాలుగక్సరాలు కలిపీసుకుని నాదంటే?"

"ఆ బయం లేకండా రెండు పక్కలా నిలువు గీత కొట్టీస్తానమ్మా. ఆ గీత దాటి ఇంకేటీ కలపనేరు."

"గీతకెంత?" అన్నాడు నాన్న.

"ఊరికే."

"ఊరికే అయితే రెండేసి కొట్టు. పొలానికి గట్టున్నట్టుంటాది."

రెండేసి కొట్టాడు. నాన్న మూడేసి అడిగితే "ఉలి అరిగిపోతాది బాబూ" అని ఆయన మొరపెట్టుకున్నాడు. నా బిందె పేరు అది. రెండు గీతలు, రెండక్షరాలు, మళ్ళీ రెండు గీతలు. ఇంక దానికి ముందూ లేదు, వెనకా లేదు.

మళ్ళీ ఆడపడుచు పెళ్ళి దగ్గరికి వస్తాను. అప్పగింతలయ్యాయి, చుట్టాలు కదిలారు. తోమిన సామానంతా పెరట్లో గుట్టగా బోర్లించి ఉంది. వీధిలో ఆడవాళ్ళంతా ఎవరిది వాళ్ళు తీసుకుపోదామని వచ్చి నిలబడ్డారు. పేర్లు చదివి ఇచ్చే పని మా ఆయన మీదేసుకున్నాడు.

మా ఆయన చదువు ఎటువంటిదో చెబుతాను. పేపర్లో పెద్దక్షరాలు చదివి, కింద ఉన్నదంతా తనే కల్పించి చెప్పేసేవాడు. ఒకసారి ఆమదాలవలసలో రైలు దిగి, శ్రీకాకుళం వెళ్ళాలని బస్సు బోర్డు మీద శ్రీ చూసి ఎక్కి నిద్రపోయాడు. లేచేసరికి శ్రీకూర్మం. "పోనీలే, దర్శనం అయింది కదా" అన్నాడు ఇంటికొచ్చి. అక్షరమ్ముక్క మీద అంత నమ్మకం ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేను లోపల, మిగిలిన లడ్డూలు కాగితాల్లో కట్టి వచ్చినవాళ్ళకి అందిస్తున్నాను. కాగితం ఎక్కువ పట్టకుండా కట్టాలి కాబట్టి ఆ పని మా అత్త నాకే అప్పగించింది. బయటి నుంచి ఆయన కేకలు వినబడుతున్నాయి. "ఇదిగో, పడమటింటోళ్ళది! ఇదిగో, కొత్తింటోళ్ళది! కదలండి, కదలండి!" గిన్నె తీస్తాడు, బొటనవేలు సగం పేరు మీద వేస్తాడు, మిగతా సగం చూసి ఇచ్చేస్తాడు. ఎంత చురుకైనోడో అని అందరూ మెచ్చుకున్నారట.

మా పెద్దత్త, అంటే మా మావగారి అన్నగారి భార్య, తనే స్వయంగా వచ్చింది. "ఒరే, నా బిందేదిరా?" అంది. ఆవిడ పేరు ఆరక్షరాలు. సరిగ్గా ఆ పేరు నడిమధ్యన నా రెండక్షరాలు ఉన్నాయి. ఆయన గుట్టలో వెతికాడు, ఆ రెండూ కంటబడ్డాయి, "ఇదిగో పెద్దమ్మా!" అని ఎత్తి ఇచ్చాడు. ఆవిడ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నేను నీళ్ళ మూలకి వెళ్తే, బిందె ఉండాల్సిన చోట తడి ఆరిన గుండ్రటి మచ్చ ఉంది.

"నా బిందేదీ?" అన్నాను ఆయన్ని.

"అందరివీ ఇచ్చీసినాను. ఒక్కటి మిగల్లేదు, తెలుసా?" అన్నాడు గొప్పగా.

"అవును. మనది కూడా మిగల్లేదు."

అప్పుడు ఆయన తల గోక్కున్నాడు. ఎవరికి ఏది ఇచ్చాడో తలుచుకుని, పెద్దత్త దగ్గర ఆగిపోయాడు.

పెద్దత్త ఇల్లు మాకు నాలుగిళ్ళ అవతల. వీధిలో పెద్ద గంగాళం ఆవిడది, పెద్ద గుండిగలు ఆవిడవి. ఆవిడ మూతి ముడుచుకుందంటే ఆ ఇంట్లో జరిగే పెళ్ళికి పప్పు దాకల్లో వండుకోవలసిందే. నేను కొంగు సర్దుకుని వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన వీధి ఆడవాళ్ళు పెళ్ళి కబుర్లు చెప్పుకుంటున్నారు. గుమ్మంలోంచే నా బిందె కనిపించింది.

"పెద్దత్తా, నా బిందె మారి నీ దగ్గరికొచ్చినట్టున్నాది."

"నీ బిందేటే పిల్లా? నాది నాకొచ్చినాది. నీ మొగుడే సదివి ఇచ్చినాడు."

"దాని మీద రెండక్సరాలే కదా ఉన్నాయి. నీ పేరు ఆరు."

"అరిగిపోనాయి."

"ముందువీ అరిగిపోయి, ఎనకవీ అరిగిపోయి, నడిమివే ఎలగ మిగిలాయి?"

"సంకలో ఎట్టుకున్నప్పుడు అక్కడ సెయ్యేస్తాం కదే. సెయ్యి కింద ఉన్నవి అరగవు. మిగతావి తోమిన కొద్దీ పోతాయి. మాం తోముతాం తల్లీ. నీళ్ళు సూపించి వొదిలీయం."

అరుగు మీద ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దత్త ఇంట్లో గిన్నె ఇత్తడిదో ఇనపదో ఎత్తి చూస్తేగానీ తెలియదని వీధంతా ఎరుగును. ఆ పూట ఆ బిందె తళతళలాడుతోందంటే, ఆ పొద్దున దాన్ని తోమింది నేను.

"మరీ గీతలో?"

"నా అక్సరాల మొండేలే అవి."

"అవి గట్లు పెద్దత్తా. మా నాయన దగ్గరుండి కొట్టించినాడు."

ఆవిడ పకాలున నవ్వింది. "రెండక్సరాలు కొట్టించీవోడు లోకంలో ఎవుడుంటాడే? బిందె కొన్నోడికి పేరు కొనడానికి సెయ్యి రానేదేటి?"

జవాబు నా దగ్గర ఉంది. గుడి ఊరికే, కొమ్ము ఊరికే, ఒత్తుకి సగం అని ఆ కథంతా చెప్పాలి. చెబితే బిందె నాదవుతుంది, మా నాన్న పిసినారితనం వీధిదవుతుంది. పొదుపు మంచిదేనని నేను ఇవాళ కూడా అంటాను, కానీ అత్తవారి వీధిలో అరుగు మీద కూర్చోబెట్టి చెప్పుకోవలసిన విషయం కాదది. బిందె అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాను.

"ఊరుకోవే" అంది మా అత్త. "ఒక్క బిందె కోసం గంగాళం పోగొట్టుకుంటావేటి?"

"శనివారం మా అమ్మ వస్తన్నాది."

మా అత్త చేతిలో చాట ఆగిపోయింది. నాన్నకి జ్వరం తగిలి వాళ్ళు పెళ్ళికి రాలేకపోయారు. తగ్గాక తను వచ్చి చూసి వెళ్తానని అమ్మ కబురు చేసింది. అమ్మ ఎప్పుడొచ్చినా ముందు చేసే పని ఒకటే. ఆ బిందెలో నీళ్ళు అడిగి తాగుతుంది, తాగుతూ బిందె వంక చూస్తుంది. సొట్ట పడిందా, మసి పట్టిందా అని. మా పుట్టింట్లో ఒక గరిటె పోతే ఏడాదిపాటు ప్రతి పండక్కీ దాన్ని తలుచుకునేవాళ్ళం. ఇంక బిందె పోయిందంటే నేను ఆవిడ మొహం చూడగలనా?

"మీ యమ్మే?" అంది మా అత్త మెల్లగా. ఆవిడకి పెద్దత్తంటే భయం. మా అమ్మంటే అంతకన్నా భయం. "అయితే ఏదో ఒకటి సెయ్యి. నాను ఎరగను."

ఏం చెయ్యాలి? పెద్దత్త బిందె అసలుది ఎక్కడో ఉండాలి కదా. ఆరక్షరాలూ ఉన్న బిందె దొరికితే, ఇదిగో నీది, అదిగో నాది అని చెప్పొచ్చు. మా నాన్న సంగతి ఎత్తక్కర్లేదు. కానీ మీ బిందెలు చూపించండి అని ఇల్లిల్లూ తిరిగితే దొంగతనం అంటగట్టినట్టుంటుంది. అందుకని గిన్నె పట్టుకుని తోడు మజ్జిగకి బయలుదేరాను.

తోడు అడిగితే ఎవరూ కాదనరు. ఇంటావిడ లోపలికి వెళ్తుంది, మనం నీళ్ళ మూల దగ్గర నిలబడతాం. ఆ కాస్తలో వేలు పెట్టి బిందె మీద పేరు చదవాలి. నేను చదువుకున్నది మూడో తరగతి సగం దాకా. ఒక్కో అక్షరం పట్టుకుని కూడబలుక్కుంటూ పోతే గానీ మాట తేలేది కాదు. ఆవిడ తోడు తెచ్చేసరికి నేను ఇంకా సగంలో ఉండేదాన్ని. అప్పుడు "కాస్త ఉప్పు కూడా ఎట్టు పిన్నీ" అనేదాన్ని.

చెప్పకూడదు గానీ, ఆ రెండక్షరాలు మా వీధంతా ఉన్నాయి. ఒకావిడ పేరు వాటితో మొదలవుతుంది. ఒకరి ఇంటిపేరు వాటితో ఆఖరవుతుంది. ఒక గుండిగ మీద ఎవరి పుట్టింటి ఊరు పేరో కొట్టించుకుంటే అందులోనూ అవే. కంటబడగానే పెద్దత్తదే దొరికిందనుకుంటాను. ఆ వెనకాల ఇంకో అక్షరం వస్తుంది, దాని వెనకాల ఇంకోటి, చూస్తే ఎవరిదో బిందె. సగం చదివి ఊరుకుంటే వీధిలో బిందెలన్నీ నావే. మా ఆయన ఇన్ని గిన్నెలు అంత చురుగ్గా ఎలా పంచాడో నాకు అప్పుడు తెలిసింది. ఒకటే ఇల్లు తప్పిందంటే అది దేవుడి దయ.

పెద్దత్త బిందె మాత్రం ఎక్కడా లేదు. పోగైన తోడు పారబొయ్యలేక మజ్జిగ పులుసు పెట్టాను. మర్నాడూ వెళ్ళాను, మళ్ళీ పులుసు. "ఈ వారం ఏటి రోజూ పులుసే?" అన్నాడు మా ఆయన. "తిను. నీ సదువు వల్ల వచ్చిన పులుసే ఇది" అన్నాను.

ఆఖరికి పెద్దత్త ఇంటికి కూడా గిన్నె పట్టుకుని వెళ్ళాను. ఆవిడ లోపలికి వెళ్ళగానే తలెత్తి చూశాను. అటక మీద, జాడీల వెనకాల, గింజలేవో దాచినట్టు మూతికి గుడ్డ కట్టిన బిందె ఒకటి ఉంది. పేరున్న వైపు గోడకి తిరిగి ఉంది. చివరి అక్షరం ఒక్కటే వంపులోంచి కనబడుతోంది. అది పెద్దత్త పేరులో చివరి అక్షరమే.

మా ఆయనయితే అక్కడే కేక పెట్టేసేవాడు. నేను ఒక్క అక్షరానికి నోరు విప్పే మనిషిని కాను. ఆ అక్షరంతో ఆఖరయ్యే పేర్లు ఎన్ని లేవు? రేపు బిందె దింపితే అది వాళ్ళ పుట్టింటి ముసలావిడదైతే నా పరువు ఏం కావాలి? ఎలా దింపించడమా అనుకుంటూ తోడు తీసుకుని వచ్చేశాను.

ఏ దారీ దొరక్కుండానే శనివారం వచ్చింది. అమ్మ పాసింజరు దిగి, ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వచ్చింది. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని "నీళ్ళియ్యే" అంది. కుండలో నీళ్ళు ముంచి చెంబుతో ఇచ్చాను. నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. కళ్ళు మూల వైపు వెళ్ళాయి.

"బిందేదే?"

మా ఆయనకి సరిగ్గా అప్పుడే గేదెకి గడ్డెయ్యాలని గుర్తొచ్చింది. మా అత్త ఏదో మాడుతోందని వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ అంతా విని, నీళ్ళు తాగకుండానే చెంబు కింద పెట్టింది.

"పద. ఒదినగారిని ఒకపాలి పలకరించొద్దాం. అల్లుడుగారూ, మీరూ రండి. సదవడానికి ఒకలుండాల."

మా అత్త కూడా వెనకాలే వచ్చింది. గంగాళం మీద బెంగ మరి.

పెద్దత్త మర్యాదగానే పిలిచి చాప వేసింది. జ్వరం సంగతి అడిగింది, పెళ్ళి సంగతి చెప్పింది. అరుగు మీద ఆడవాళ్ళు గుమ్మం దగ్గరికి జరిగారు. అమ్మ అన్నిటికీ తలూపి, లేచి, నీళ్ళ మూలకి వెళ్ళి బిందె మీద వేలితో తడిమింది. అమ్మకి ఒక్క అక్షరం రాదు. కానీ గీతలు తగలగానే మొహం విప్పారింది.

"ఇయిగో మా గట్లు! ఎంత మంచిదానివి ఒదినా! పెళ్ళి పనుల్లో మా పిల్లకి తీరుబాటుండదని బిందె తెచ్చి నీ ఇంట్లో దాసిపెట్టినావు."

"అది నాది ఒదినా" అంది పెద్దత్త. "అక్సరాలు అరిగిపోనాయి గానీ."

"అరగడానికి ఉంటే కదా? మాం కొట్టించిందే రెండు."

"రెండెవులు కొట్టిస్తారమ్మా?"

నేను అమ్మ కొంగు పట్టుకుని లాగాను. చెప్పొద్దని. ఆవిడ నా చెయ్యి విదిలించుకుని చాప మీద బాసింపట్టు వేసి కూర్చుంది. ఇక మొదలుపెట్టింది. గుడి ఊరికే. కొమ్ము ఊరికే. దీర్ఘం ఊరికే. ఒత్తుకి సగమట ఒదినా, ఒత్తుకి! అందుకే అక్కడికి రాకుండానే ఆపీసినాం. గీతలు ఊరికే అంటే రెండేసి కొట్టించినాం. మూడేసి అడిగితే ఉలి అరిగిపోతాదని ఏడిసినాడు.

ఎవరో రాజ్యం గెలిచిన కథ చెబుతున్నట్టు చెప్పింది. నాకు భూమిలోకి పోదామనిపించింది. గుమ్మం దగ్గర ఒకావిడ నోట్లో కొంగు కుక్కుకుంది. పెద్దత్త మొదట పెదాలు బిగపట్టింది, తరవాత భుజాలు కదిలాయి, చివరికి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఓలమ్మో! ఒత్తుకి సగమని పిల్ల పేరే నరికీసినారా!"

"నరకడమేటి ఒదినా?" అంది అమ్మ, నవ్వకుండా. "సగం పేరు కాదది. ఆ బిందెకి అదే పూర్తి పేరు. అటోపక్క గట్టు, ఇటోపక్క గట్టు, ఇంకేటి కావాల?"

పెద్దత్త కళ్ళు తుడుచుకుంది. "ఇంత పిసినారి కత ఎవులూ పుట్టించనేరు. నిజంగా జరిగుండాల్సిందే. మీదేనమ్మా, తీసుకుపోండి."

అమ్మ వెంటనే బిందె దించి, అందులో నీళ్ళు వాళ్ళ అరటి మొదట్లో పోసి, కొంగుతో లోపలంతా తుడిచింది. అప్పటిదాకా సిగ్గుతో తల దించుకున్న నాకు ఒక్కసారి అటక గుర్తొచ్చింది. మా వైపు ఆడకూతురు గడప తొక్కినప్పుడు ఆవిడ గిన్నె ఉత్తది తిప్పి పంపరు. ఒక గుప్పెడైనా ఏదో వేసి ఇస్తారు.

"పెద్దత్తా, మా అమ్మ ఇన్నాళ్ళకి నీ గడప తొక్కినాది. ఉత్త బిందె ఇచ్చి పంపీస్తావేటి?" అన్నాను.

నవ్విన మనిషికి చెయ్యి కూడా విచ్చుకుంటుంది. "అయ్యో, ఎందుకు పంపుతాను! ఒరే నాన్నా, అటక మీద పెసల బిందె ఉన్నాది, దించు" అంది మా ఆయనతో.

ఆయన నిచ్చెనెక్కి, జాడీలు జరిపి, మూతికి గుడ్డ కట్టిన బిందె దించాడు. నేల మీద పెట్టేసరికి పేరు మా వైపు తిరిగింది. దుమ్ము పట్టి ఉంది. నేనే కొంగుతో తుడిచాను.

"మావా, దీని మీదేటి రాసున్నాదో సదువు" అన్నాను.

ఆయన ఒక్క చూపు చూసి "ఆ, ఇది..." అన్నాడు.

"సివరిదాకా" అన్నాను.

"సివరిదాకా అల్లుడుగారూ" అంది అమ్మ.

"ఒరే, సివరిదాకా సదువు" అంది మా అత్త కూడా. పెద్దత్త ఇంట్లో ఆవిడ గొంతెత్తడం నేను వినడం అదే మొదలు.

ఆయన గొంతుక్కూర్చున్నాడు. మొదటి అక్షరం మీద వేలు పెట్టి చదివాడు. రెండోది చదివాడు. మూడోదీ నాలుగోదీ చదువుతుంటే ఆయన గొంతు సన్నబడింది, అవే నా రెండక్షరాలు కాబట్టి. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు బళ్ళో పిల్లల్లా ఆయన వెనకాలే పలికారు. అయిదోది. ఆరోది. పెద్దత్త పేరు ఆ చివర నుంచి ఈ చివరకి, నిన్న కొట్టించినట్టు ఉంది. అంటే ఆవిడ ఆ బిందె మా పెళ్ళికి పంపనే లేదు. పంపానని అనుకుంది, అడిగింది, మా ఆయన వెతికి పెట్టేశాడు.

పెద్దత్త బిందెని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

"అటక మీదుంటే తోమం కదే" అంది చివరికి. "అందుకే అరగలేదు."

ఆ మాటకి అందరికన్నా ముందు నవ్వింది మా అమ్మే. అమ్మ నవ్వితే నేను ఎంత కంగారు పడ్డానంటే, మొన్న మా మనవరాలు కూడా అంత పడలేదు. పెద్దత్త గుప్పెడుతో సరిపెట్టకుండా నా బిందె మెడ దాకా పెసలు పోసింది. "గీతలు కూడా నిండాల కదమ్మా, అయి ఊరికే వచ్చినాయి" అని ఒక దెప్పు కూడా పోసింది. మళ్ళీ మా మరిది పెళ్ళికి గంగాళం అడక్కుండానే పంపింది.

బిందె మా ఆయన మోసుకొచ్చాడు. దారిలో ఎవరు పలకరించినా తల ఎత్తలేదు. ఇంటికి రాగానే పెసలు జాడీలోకి ఒంపి, బిందె కడిగి, నూతిలో నీళ్ళు తోడి నింపి మూలన పెట్టాను. ఆ గుండ్రటి మచ్చ మీద సరిగ్గా కూర్చుంది. చెంబుతో ముంచి అమ్మకి ఇచ్చాను. ఆవిడ పొద్దున్నుంచీ దాహంతో ఉంది కదా, గడగడా తాగింది. తాగుతూ బిందె వంక చూసింది.

"పెసల వాసనేస్తన్నాయి నీళ్ళు" అంది.

"ఉండు, తీసుకెళ్ళి ఇంకొకసారి తోముతాను" అని లేచాను.

"వొద్దు" అంది అమ్మ, చెంబు నాకిస్తూ. "గీతలు అరిగిపోతాయి."